వైన్సులో దొరకని వైను

ఏ ఊళ్ళో బస్సు దిగినా మందుల షాపు కంటే ముందు, మిర్చిబజ్జీల బండి కంటే ముందు కనపడే బోర్డు ఒకటుంది. "వైన్స్". పేరులో దేవుడుంటాడు, బోర్డు చుట్టూ రంగు బల్బులుంటాయి, కౌంటరుకి ఇనప కటకటాలుంటాయి. ఇన్ని వున్నా చిన్న ఊళ్ళల్లో ఆ షాపులో తరచుగా దొరకనిది మాత్రం వైనే! బీరుంటుంది, విస్కీ వుంటుంది, బ్రాందీ వుంటుంది. అందులో బ్రాందీ సంగతి మరీ తమాషా. యూరప్‌లో బ్రాందీ అంటే ద్రాక్షతో చేసిన వైనుని మళ్ళీ కాచి దింపేది. మన దగ్గర ఆ పేరుతో అమ్మేదాంట్లో చాలామటుకు పంచదార మిల్లులో మిగిలిన మడ్డి నుంచి తీసిన స్పిరిట్టే. అంటే ద్రాక్షపండు బోర్డు మీదా, సీసా మీదా వుంది గానీ సీసా లోపల లేదన్నమాట. నేతిబీరకాయలో నెయ్యిలాగా.

"ఇల్లాలివి, నీకెందుకమ్మా ఈ ఆరాలు?" అంటారా? చెప్తాను, నవ్వకండి.

నేను రాస్తున్న నవలలో ఒకావిడ బోనకల్ నుంచి చికాగోలో వున్న కొడుకు దగ్గరికి వెళ్తుంది. ఆదివారం భోజనానికి కొడుకు స్నేహితులొస్తారు. కోడలు అందరికీ పోస్తూ పోస్తూ, మర్చిపోయి చేసిందో కావాలని చేసిందో గానీ, అత్తగారి ముందు కూడా గ్లాసు పెట్టి తెల్ల వైను పోసేస్తుంది. ఆవిడ వద్దనదు. గ్లాసెత్తి ఒక గుక్క తాగుతుంది. ఆ గుక్క ఎలా వుంది? "ఆమె ముఖంలో రంగులు మారాయి" అని రాసి పేరా ముగించెయ్యచ్చు. పదిహేనేళ్ళుగా నవలలు రాస్తున్నదాన్ని, ముఖాల్లో రంగులు మార్చడం నాకు బాగానే చేతనవును. కానీ నాలిక మీద ఏం జరిగిందో తెలియకుండా ముఖంలో ఏ రంగు మార్చమంటారు?

బి.ఏ. చదివేటప్పుడు మా తెలుగు లెక్చరరు దువ్వూరి రామిరెడ్డిగారి 'పానశాల' గురించి గంటలు గంటలు చెప్పేవారు. క్లాసంతా తన్మయంగా తలలూపేవాళ్ళం. ఇంతకీ ఆ ద్రాక్షరసం పుల్లగా వుంటుందా, తియ్యగా వుంటుందా, వగరుగా వుంటుందా అని ఒక్కరం అడగలేదు. అడిగి వుంటే ఆడపిల్లల్ని కాలేజీకి పంపాలా వద్దా అన్న చర్చ మళ్ళీ మొదలయ్యేదేమో.

అయినా మనం మరీ అంత తెలియనివాళ్ళమేం కాదులెండి. ప్రతి ఇంట్లోనూ పురిటి మంచం కింద దశమూలారిష్టం సీసా వుండేది. నీరసానికి ద్రాక్షారిష్టం. భోజనం కాగానే రెండు చెంచాలు, అంతే నీళ్ళు. ద్రాక్షల కషాయంలో బెల్లం కలిపి, ధాతకీ పువ్వు వేసి, జాడీ మూతికి గుడ్డ కట్టి నెలరోజులు పులియబెడితే అయ్యేది ఏమిటనుకుంటున్నారు? ఆ సీసా మీదే సన్నటి అక్షరాల్లో వుంటుంది, పులియడం వల్ల దానంతటదే పుట్టిన ఆల్కహాలు ఇంత శాతం అని. కళ్ళజోడు పెట్టుకుని చదవండి ఈసారి. చెంచాతో తాగితే మందు, గ్లాసుతో తాగితే "మందు". మధ్యలో తేడా పాత్రదే!

సరే, అసలు సంగతికొస్తాను. హైదరాబాదులో వున్న మా తమ్ముడికి ఫోను చేసి, ఖరీదైనది వద్దు, చవకలో మంచి తెల్ల వైను ఒకటి తెమ్మన్నాను. అవతలనుంచి కాసేపు చప్పుడు లేదు. తర్వాత, "అక్కా, బావగారూ నువ్వూ బాగానే వున్నారా?" అన్నాడు. నవల సంగతి చెప్పాక గానీ ఊపిరి పీల్చుకోలేదు.

తెచ్చాడు. నాసిక్ ద్రాక్షతో చేసినది, షెనిన్ బ్లాంక్ అనే రకం. పుట్టిల్లు ఫ్రాన్సులో లువార్ నదీ తీరం. మహారాష్ట్ర ఎండకి అలవాటుపడ్డ కోడలు. నాసిక్ చుట్టుపక్కల ఎప్పట్నించో తినే ద్రాక్ష పండుతుంది. 2000లో సూలా వాళ్ళు మొదటి సీసాలు బయటికి తెచ్చాక అక్కడ వైను తోటలకి ఊపొచ్చింది. మా తమ్ముడు తెచ్చిన సీసా ఎవరిదన్నది అప్రస్తుతం. ధర ఇంట్లో కట్టుకునే మంచి నూలు చీర ఖరీదంత. నూటికి పన్నెండు పాళ్ళు ఆల్కహాలు. బిరడా లేదు, తిప్పే మూత. చవక సీసాకి తిప్పే మూతే మేలు. బిరడా చెడితే వైనుకి తడిసిన అట్టపెట్టె వాసన పడుతుంది, మూతతో ఆ బెంగ లేదు.

సీసా వుంది. రుచి చెప్పేవాళ్ళెవరు? నాకెవరూ స్ఫురించలేదు, మా మేనత్త తప్ప.

బోనకల్ మీకు తెలిసే వుంటుంది. కాజీపేట నుంచి విజయవాడ వెళ్ళే రైలుదారిలో, ఖమ్మం దాటాక వస్తుంది. సాగర్ ఎడమకాలవ నీళ్ళు, మిరప తోటలు, పత్తి చేలు. మా నాన్న పుట్టిన ఊరు. నాన్న లేరు, నాన్న అక్క వుంది. డెబ్బయ్యెనిమిదేళ్ళు. పళ్ళు సగం పోయాయి గానీ ముక్కు మాత్రం కత్తిలా పని చేస్తుంది. పాలు విరగబోతున్నాయని పొయ్యి మీద పెట్టకముందే చెప్తుంది.

అత్త కల్లు ఎరుగును. "మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ముట్టరండీ" అని పట్నంలో మనం చెప్పుకుంటాం గానీ, ఆవిడకా మొహమాటం లేదు. చిన్నప్పుడు అమ్మవారు పోస్తే చలవకని తెల్లారగట్ల దింపిన తియ్యటి కల్లు పట్టారట. పెద్దయ్యాక నాట్ల రోజుల్లో పొలంలో ఒక దొప్ప. ఆ రుచి గురించి అడిగితే మాత్రం ముందు గడియారం అడుగుతుంది. "ఎన్ని గంటల కల్లు?" అని.

ఆ ప్రశ్న ఎంత గొప్పదో నాకు అర్థమవడానికి కాస్త టైము పట్టింది. తాటిగెల గీసినచోట బొట్టుబొట్టుగా కారేది ఉత్త తియ్యటి నీరు. లొట్టి లోపల సున్నం రాస్తే పులియకుండా ఆగుతుంది, అదే నీరా. 2023 మేలో హైదరాబాదు నెక్లెస్ రోడ్డు మీద తెరిచిన నీరా కేఫ్‌లో పోసేది దాన్నే. సున్నం రాయకపోతే, గాలిలోనూ పాత లొట్టి గోడల్లోనూ కాపురముండే ఈస్టు ఆ తీపిని అక్కడికక్కడే పట్టుకుని కల్లు చేసేస్తుంది. అందుకే పొద్దున్నే తీపి, పదింటికి తీపీ పులుపూ సమానం, మధ్యాహ్నానికి పులుపు, సాయంత్రానికి ఘాటు, మర్నాటికి చెట్నీలో వేసుకునే పులుసునీళ్ళు. ద్రాక్ష వైనుకి నెలలు పట్టే బతుకంతా కల్లు ఒక్క పగటిపూట బతికేస్తుంది. ఇంకో సంగతి. చలికాలంలో ఈతకల్లు, ఎండలు ముదిరేసరికి తాటికల్లు. తాటిలో మళ్ళీ పోతుచెట్టుది వేరు, ఆడచెట్టుది వేరు. భద్రాచలం వైపు అడవిలోకి పోతే జీలుగుకల్లు. ఒక్కో చెట్టు బిందెలకొద్దీ ఇస్తుంది. వేసవి మొదట్లో తెల్లారేసరికి రాలే ఇప్పపూలని కోయ ఆడవాళ్ళు ఏరి ఎండబెట్టుకుంటారు, దాన్ని పులియబెట్టి కాస్తే ఇప్పసారా. ఏ చెట్టుదో, ఏ నెలదో, ఏ పూటదో తెలియకుండా తాగడం మొరటుతనం అంటుంది అత్త. ఫ్రాన్సువాళ్ళు ఏ కొండ, ఏ ఏడు అని అడుగుతారని చదివాను. మాట అదే కదూ?

భోజనాలయ్యాక వసారాలో కూర్చున్నాం. అత్త, నేను, మా తమ్ముడి భార్య. కల్లు గీసే గౌడ్ తాత కూడా అరుగు మీద వున్నాడు. చెట్టు మీంచి జారి తుంటి విరిగాక మోకూ ముస్తాదూ కొడుక్కిచ్చేశాడు. అయినా రోజూ ఓసారి వచ్చి అత్తతో రెండు మాటలాడి పోతాడు.

ముందు స్టీలు గ్లాసుల్లో పోస్తుంటే అత్త వద్దంది. "స్టీలుకి దాని వాసన దానికే వుంటుందే. ఇంక దీని వాసనేం తెలుస్తుంది?" అని టీ తాగే గాజు గ్లాసులు తెప్పించింది. నేను చదివింది చెప్పాను. ముందు వెలుతురుకి పట్టి రంగు చూడాలి. గుండ్రంగా తిప్పి వాసన చూడాలి. కొంచెం నోట్లో పోసుకుని నాలికంతా తిప్పాలి. తర్వాత ఉమ్మెయ్యాలి.

"ఉమ్మెయ్యాలా! డబ్బులు పోసి కొని?"

"పొద్దుటినించీ యాభై రకాలు చూసేవాళ్ళు అలా చేస్తారత్తా, మత్తెక్కకుండా."

"మనది ఒక్క రకమేగా" అని మింగేసింది.

ఫ్రిజ్‌లోంచి అప్పుడే తీసిన సీసా. ముఖంలో రంగులేవీ మారలేదు. "చల్లగా వుంది. అంతే" అంది. గ్లాసు కింద పెట్టేసి, "చల్లదనం పోనీ. జ్వరం నాలిక్కీ, మంచునీళ్ళ నాలిక్కీ రుచి తెలియదు" అంది. ఇది నిజం. అంతగా బాగాలేని వైనుని బాగా చల్లబరిచి ఇస్తే లోపాలు కనపడవు. చల్లగా తాగాల్సిందే గానీ మంచులా కాదు. కొనేముందు కాకపోయినా కొన్నాక, ఒక గుక్క పావుగంట ఆగి తాగి చూస్తే మీ డబ్బుకి తగినదో కాదో తేలిపోతుంది.

పావుగంట తర్వాత మళ్ళీ ఎత్తింది. ఈసారి ముక్కు దగ్గరే చాలాసేపు పెట్టుకుంది. "జామకాయ. పండు కాదు, దోరకాయ. నిమ్మతొక్క గిల్లినట్టు కూడా వుంది" అని ఒక గుక్క తాగి, "వగరేదే? తొక్క తీసేసి చేశారా?" అంది.

నా చెయ్యి గ్లాసు మీదే ఆగిపోయింది. ఎందుకంటే సరిగ్గా అదే జరుగుతుంది. ద్రాక్షని నలిపి తొక్కతోసహా పులియబెడితే ఎర్ర వైను. ఆ వగరూ రంగూ తొక్కవే. రసం పిండి, తొక్క తీసేసి పులియబెడితే తెల్ల వైను. నల్లద్రాక్ష రసం కూడా చాలామటుకు తెల్లగానే వుంటుంది, అందుకే షాంపేనులో నల్లద్రాక్షలూ వాడతారు. ఇది తెలుసుకోవడానికి నాకు మూడు పుస్తకాలు పట్టాయి. ఆవిడకి ఒక గుక్క పట్టింది.

"పుల్లగా వుందిగా అత్తయ్యా, పాడయిందేమో" అంది మా మరదలు మొహం చిట్లించి.

"కాదే. పాడయిన పులుపు ముక్కులో గుచ్చుకుంటుంది. ఇది చూడు, నాలిక పక్కల నీళ్ళూరుతున్నాయి. చింతచిగురు పులుపు. పుట్టుకతో వచ్చింది."

ఇంతకంటే బాగా ఏ పుస్తకమూ చెప్పలేదు నాకు. ముక్కుకి గుచ్చుకుంటే వినిగరు అవుతున్నట్టు లెక్క. నోరూరిస్తే అది పండు ప్రాణం. మాడిన అగ్గిపుల్ల వాసనొస్తే గంధకం పాలు ఎక్కువైందనుకోవాలి. కోసి వదిలేసిన యాపిల్ ముక్క వాసనా, రంగూ వస్తే గాలి తగిలి ముసలిదైపోయిందని. మన సీసాలో ఇవేవీ లేవు. కొంచెం తీపి ఎక్కువ మిగిల్చారు, అది మాత్రం నాకూ నచ్చలేదు. పులుపు మొరటుతనం దాచడానికి పంచదార వేసిన మజ్జిగలా వుంది ఆ చివర్న. మింగాక రుచి నిలవదు కూడా. పది అంకెలు లెక్కపెట్టేలోపు నోరు ఖాళీ.

గౌడ్ తాతకీ కొంచెం పోశాం. వాసన చూసి, "ఏ చెట్టుది బిడ్డా?" అన్నాడు.

"చెట్టు కాదు తాతా, తీగ."

"తీగదా?" అని గ్లాసులోకి చూస్తూ వుండిపోయాడు. "అయితే ఎక్కేది లేదు, పడేది లేదు" అన్నాడు కాసేపటికి. ఆ తర్వాత ఇంకేం మాట్లాడలేదు. రోజుకి రెండుపూటలా అంత ఎత్తుకి మోకు మీద ప్రాణం పెట్టి ఎక్కినవాడికి, నేల మీద నిలబడి కోసుకునే కల్లంటే ఎలా వుంటుందో నేను రాయలేను. జారిపోకుండా పట్టుకునే తాళ్ళూ, బెల్టూ వున్న కిట్లని 'కాటమయ్య రక్షణ కవచం' అని 2024లో తెలంగాణలో ఇవ్వడం మొదలుపెట్టారు. తాత తుంటి అంతకు చాలా ముందే విరిగింది.

"అయితే అత్తా, బావుందంటావా, లేదంటావా?" అన్నాను నోటుబుక్కు తీసి. నాకు కావలసింది నా నవలకి ఒక వాక్యం.

అత్త జవాబు చెప్పలేదు. "ఎంతన్నావు దీని ఖరీదు?" అంది. చెప్పాను. "రోజూ తాగేదా, పండక్కి తాగేదా?" అంది. "ఈ ఖరీదుకి మనబోటివాళ్ళు రోజూ ఎక్కడ తాగుతారత్తా?" అన్నాను. "అయితే మంచిదే" అంది. రుచి అడిగితే ఖరీదు చెప్తుందేమిటని మీకనిపించచ్చు. నాకూ అనిపించింది. కానీ మా మామయ్యని ఎరిగినదాన్ని గనక ఊరుకున్నాను.

ఆ ముక్కు అంత పదునెక్కింది ఊరికే కాదు. ముప్పయ్యేళ్ళు ప్రతి రాత్రీ తలుపు గడియ తీస్తూ, మనిషి లోపలికి అడుగు పెట్టకముందే వాసన పట్టి, ఈ రాత్రి ఎలా గడుస్తుందో అంచనా వేసుకున్న ముక్కది. పెళ్ళయిన కొత్తల్లో కల్లు వాసన, పిండి పులిసినట్టు. ఆ రాత్రుళ్ళు మామయ్య పాటలు పాడి, రెండుసార్లు అన్నం పెట్టించుకుని పడుకునేవాడట. 1980లలో సారా పొట్లాలు ఊళ్ళోకొచ్చాయి. దీపం ఊదాక వచ్చే మాడు వాసన. ఆ రాత్రుళ్ళు కంచం గోడకి తగిలేది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. రాత్రిబడిలో చదువుకున్న పాఠం వాళ్ళకా ధైర్యమిచ్చిందంటారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా ఆగింది. 1995 జనవరి 16 నుంచి ఎన్.టి. రామారావుగారి ప్రభుత్వం సంపూర్ణ నిషేధం పెట్టింది. అత్త ముక్కుకి అవి సెలవు రోజులు, పూర్తిగా కాకపోయినా, దొంగచాటు నాటుసారా వుండనే వుందిగా. 1997లో నిషేధం ఎత్తేశారు. మాడిన పంచదార వాసనతో బ్రాందీ గుమ్మంలోకొచ్చింది. ఆంధ్రప్రదేశ్ ఆబ్కారీ చరిత్ర నేను ఏళ్ళూ తేదీలూ చూసి రాస్తున్నాను గానీ, మా అత్తకి అదంతా గడియ తీసేటప్పటి వాసనే.

"చవకని మొదలుపెట్టాడే" అంది ఆ సాయంత్రం, మామయ్య పేరెత్తకుండా. "పొట్లం ఎంతా, రెండు టీల ఖరీదు. ఖరీదైనదై వుంటే వారానికోసారి తాగి ఊరుకునేవాడు. చవకదే రెండెకరాల మాగాణీ తాగేసింది."

మా మరదలు లేచి లోపలికెళ్ళింది. ఎందుకెళ్ళిందో నేను అడగలేదు.

ఇప్పుడు కల్లూ నమ్మేలా లేదు. చెట్టు లేనిచోట కూడా కల్లు దొరుకుతోంది. నీళ్ళలో తీపి పొడీ, మత్తుబిళ్ళల పొడీ, క్లోరల్ హైడ్రేటూ కలిపితే తెల్లగానే వుంటుంది. 2025 జూలైలో హైదరాబాదు కూకట్‌పల్లి వైపు అలాంటిది తాగి మనుషులు చనిపోయారు. తాగినవాళ్ళు రెక్కాడితే గానీ డొక్కాడనివాళ్ళు. అసలుదానికీ కల్తీదానికీ తేడా ఎలా పట్టడమని అడిగితే గౌడ్ తాత, "సందేళకి పులవాలె బిడ్డా. పులవకుంటె అది కల్లు గాదు" అన్నాడు. అత్త తలూపింది. చెడిపోయేదే నికార్సయిన సరుకని వాళ్ళిద్దరి లెక్క.

అందుకే మిగిలిన సగం సీసాని నేను ఫ్రిజ్‌లో పెట్టబోతే అత్త లాక్కుంది. "అందులో పెడితే దాని సంగతేం తెలుస్తుంది?" అని మూత తీసేసి, మూతికి పల్చటి గుడ్డ కట్టి, వంటింటి గట్టు మీద ఆవకాయ జాడీ పక్కన పెట్టింది. నేను ఖమ్మం వచ్చేశాను. నవలలో చికాగో అత్తగారు ఇంకా గ్లాసు పట్టుకునే కూర్చుని వుంది. చింతచిగురు పులుపు అన్న మాటొక్కటి రాసుకున్నాను, ఆ తర్వాత వాక్యం ఇంకా రాలేదు.

పన్నెండో రోజున ఫోను మోగింది.

"ఏమే, నీ నాసిక్ నీళ్ళు ముక్కులో గుచ్చుకుంటున్నాయి" అంది అత్త. గొంతులో సంతోషం దాగడం లేదు. "ఉల్లిపాయలు సన్నగా తరిగి, పచ్చిమిరపకాయలు చీల్చి అందులో వేశాను. ఆదివారం వస్తావా? పప్పులోకి బావుంటాయి."